మామూలు రోజు పటంలో మనమెక్కడ?

గత నెలలో ఒక సాయంత్రం మా వెనుక వీధిలోని ఒక ఇంటికి వెళ్ళాము. రెండవ తరగతి చదువుతున్న పిల్లవాడు నేలమీద బోర్లా పడుకొని, ప్రాజెక్టు పుస్తకంలో బొమ్మలు అతికించుకుంటున్నాడు. పాఠం పేరు 'భిన్నత్వంలో ఏకత్వం'. పుస్తకాల దుకాణంలో కొనుక్కొచ్చిన చార్టు అతని ముందు పరచి ఉంది. అందులో నలుగురు మనుషులు చేతులు పట్టుకొని నిలబడ్డారు. ఒకరి నుదుట బొట్టు, ఒంటిమీద పట్టుపంచె. ఒకరికి గడ్డం, తలపాగా. ఒకరికి సూటు, మెడలో శిలువ. నాలుగవ మనిషి నల్లని షేర్వానీ తొడుక్కుని, నెత్తిన ఎర్రని కుచ్చుటోపీ పెట్టుకొని ఉన్నాడు. వారి వెనుక మువ్వన్నెల జెండా రెపరెపలాడుతోంది.

పిల్లవాడు కత్తెర పక్కన పెట్టి గోడవైపు చూశాడు. గోడ మీద వాళ్ళ తాతగారి ఫోటో ఉంది. మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో దూది ఏకే విల్లు. పిల్లవాడు ఫోటోను చూశాడు, చార్టును చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు.

"నాయనమ్మా, తాతయ్య ముస్లిం కాదా?"

ఆ పెద్దావిడ నవ్వలేదు. వక్కలు కత్తిరించడం ఆపి కాసేపు మౌనంగా ఉండి, "అయిదు పూటలా నమాజు చేసినవాడురా మీ తాత. టోపీ కొనే స్తోమత ఎక్కడిది? భుజాన ఉన్న తువ్వాలే తలకు చుట్టుకునేవాడు" అంది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఒక మనుమడు తన సొంత తాతగారి ధర్మాన్ని సందేహించాడు. ఆ సందేహాన్ని అతని మనసులో నాటినది ఏ ద్వేష ప్రసంగమూ కాదు, ఏ దుష్ప్రచారమూ కాదు. మతసామరస్యాన్ని నేర్పాలనే సదుద్దేశంతో ఎవరో గీసిన ఒక బొమ్మ!

ఈ నెల ఈ శీర్షికలో ఆ బొమ్మ గురించే మాట్లాడుకుందాము. ప్రాణుల చిత్రాలు గీయడం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ ధర్మపండితులది. దానిలోకి మేము పోవడం లేదు. మా ప్రశ్న వేరు. మనం గీసినా గీయకపోయినా, మన చుట్టూ ఉన్న గోడలు, పుస్తకాలు, పత్రికలు, ఫోను తెరలు బొమ్మలతో నిండి ఉన్నాయి. వాటిలో మనల్ని ఎవరో గీస్తూనే ఉన్నారు. ఎలా గీస్తున్నారు, ఎక్కడ గీస్తున్నారు, ఎక్కడ గీయడం లేదు అన్నది తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

ఉన్న చోటు, లేని చోటు

బడి పిల్లల చార్టులను మనమంతా ఎరుగుదుము. పండ్లు, కూరగాయలు, జంతువులు, మంచి అలవాట్లు, మనకు సహాయపడేవారు, జాతీయ నాయకులు, పండుగలు. దశాబ్దాలుగా దేశమంతటా బడి గోడలమీద ఇవే వేలాడుతున్నాయి. వాటిలో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది 'ఆదర్శ బాలుడు' పటం. ఆ బాలుడు పొద్దున్నే నిద్ర లేస్తాడు, తల్లిదండ్రులకు నమస్కరిస్తాడు, పళ్ళు తోముకుంటాడు, స్నానం చేస్తాడు, ప్రార్థన చేస్తాడు, వేళకు భోజనం చేస్తాడు, బడికి వెళ్తాడు, తప్పిపోయిన పిల్లవాడిని పోలీసు ఠాణాకు చేరుస్తాడు. ఇందులో మనం కాదనవలసిన గుణం ఒక్కటీ లేదు.

అయితే ఆ మరునాడు మేము బజారుకు వెళ్ళి, దుకాణదారు విసుక్కుంటున్నా వినకుండా, అతని దగ్గరున్న చార్టులన్నీ ఒక్కొక్కటిగా తీయించి చూశాము. పళ్ళు తోముకునే పిల్లవాడు, రోడ్డు దాటే పిల్లవాడు, చేతులు కడుక్కునే పిల్లవాడు, అమ్మకు సాయపడే అమ్మాయి, పొలం దున్నే రైతు, ఉత్తరం తెచ్చే పోస్ట్‌మ్యాన్, సూది వేసే డాక్టరు. వీరిలో ఎవరూ ముస్లిం కారు. 'కారు' అనడానికి ఆధారం ఏమిటని మీరు అడగవచ్చు. నిజమే, పళ్ళు తోముకునే పిల్లవాడి మతం ఏమిటో బొమ్మ చెప్పదు. చెప్పనవసరం లేదు కూడా. కానీ అదే దుకాణంలో, 'పండుగలు' పటంలోనూ 'ఏకత్వం' పటంలోనూ మాత్రం ముస్లిం ఎవరో చూడగానే తెలిసిపోతున్నాడు. అక్కడ అతనికి టోపీ ఉంది, గడ్డం ఉంది, వెనుక గుమ్మటం ఉంది, పైన నెలవంక ఉంది.

ఇవి లేనివాడు ముస్లిం కాడని ఈ పటాలు నోటితో అనవు. అన్నీ కలిపి చూసిన పిల్లవాడికి మాత్రం అదే అర్థమవుతుంది. పళ్ళు తోముకునేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, పొలం దున్నేటప్పుడు మనం కనబడము. సామరస్యం గురించి పాఠం చెప్పవలసి వచ్చిన రోజున మాత్రం షేర్వానీ తొడిగి మనల్ని పిలుస్తారు. ఏకత్వం పటంలో మనకు చోటుంది. మామూలు రోజు పటంలో లేదు.

ఒక టోపీ కథ

ఆ ఎర్ర కుచ్చుటోపీ ఎక్కడిది? పిల్లవాడికి అది ఇస్లాం అంత పాతదిగా తోచి ఉండవచ్చు. నిజానికి దాని వయస్సు చాలా తక్కువ. ఒట్టోమన్ సుల్తాను రెండవ మహమూద్ తన సైన్యాన్ని, కొలువును ఆధునికం చేసే పనిలో భాగంగా 1829లో అధికారులకు తలపాగాలు మాన్పించి ఈ టోపీని నిర్ణయించాడు. అంటే అది ఒక ప్రభుత్వం తన ఉద్యోగులకు విధించిన దుస్తు. ఆనాడు దానిని కొత్త పోకడ అన్నవారు, మతానికి విరుద్ధం అన్నవారు కూడా ఉన్నారు. నూరేళ్ళు నిండకముందే, 1925లో, అదే తుర్కీలో ముస్తఫా కమాల్ ప్రభుత్వం అదే టోపీని పాతకాలపు గుర్తు అంటూ చట్టం చేసి నిషేధించింది. ఒక తరానికి నవీనత, మరొక తరానికి వెనుకబాటు!

మన దేశానికి అది 'రూమీ టోపీ'గా వచ్చింది. రూమ్ అంటే ఒట్టోమన్‌ల నేల. హైదరాబాదు కొలువులోనూ, విద్యావంతులలోనూ షేర్వానీతో పాటు అది గౌరవ చిహ్నమయింది. ఆ కాలపు ఫోటోలలో అది నిండుగా, అందంగా కనిపిస్తుంది. దానిని ధరించిన పెద్దలపట్ల మాకు గౌరవమే. కానీ అది కొలువు కట్టుబడి. గుంటూరు, ప్రకాశం పల్లెలలో పరుపులు కుట్టిన నూర్‌బాషా ఇంటికిగాని, కర్నూలు చేలలో కూలి చేసిన ఇంటికిగాని అది ఏనాడూ చేరలేదు. ఇప్పుడు దానిని మన వీధులలో నిత్యం ధరించేవారు ఎంతమంది? మన బడి గోడమీద మాత్రం అది ఇంకా కోట్లమంది నెత్తిన కూర్చొని ఉంది.

నెలవంక, నక్షత్రం సంగతీ అంతే. ఇస్లాం రాకకు శతాబ్దాల ముందే అవి బైజాంటియం నాణేలమీద, సాసానీయుల నాణేలమీద ఉన్నాయి. వాటిని మన సమాజంతో గట్టిగా ముడివేసినది ఒట్టోమన్‌ల జెండా. ఆ తరువాత ఇరవయ్యవ శతాబ్దంలో ఏర్పడిన కొన్ని దేశాల జెండాలు. నెలవంకను చూసి రమజాన్ ఉపవాసాలు మొదలుపెట్టడం మన ఆచరణ. ఒక రాజ్యపు జెండాలోని నెలవంకను ధర్మానికి ముద్రగా తీసుకోవడం చరిత్రలో జరిగిన మరొక సంగతి. రెండూ ఒకటి కావు.

గుమ్మటం కూడా చూడండి. మదీనాలో దైవప్రవక్త (స) నిర్మించిన మసీదుకు గుమ్మటం లేదు, మీనారు లేదు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు. మన దేశంలోనే కోజికోడ్ వెళ్తే, పాత మసీదులకు ఆ నేల వానలకు తగినట్లు ఏటవాలు పెంకుల కప్పులు కనబడతాయి. చార్టు గీసేవారు మసీదు అనగానే గీసే ఉల్లిపాయ గుమ్మటాన్ని పట్టుకొని వెతికితే ఆ మసీదులు ఎప్పటికీ దొరకవు.

టోపీమీద మాకు విరోధం లేదు, గుమ్మటంమీద అంతకన్నా లేదు. వాటికి పుట్టిన తేదీలున్నాయని, పుట్టిన ఊళ్ళున్నాయని చెప్పడమే మా ఉద్దేశం. ఒక కాలానికి, ఒక చోటికి, ఒక వర్గానికి చెందిన వేషం అన్ని కాలాల అందరి ముఖంగా ఎలా మారింది అన్నదే ప్రశ్న.

గుర్తు వేసినవారు, వేయనివారు

ఇక్కడ చిత్రకారుని పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. అతనికి దొరికేది అరచేయంత జాగా. అందులో నలుగురు మనుషులను గీయాలి, ఆరేళ్ళ పిల్లవాడు వారిని గుర్తుపట్టాలి. సంక్షిప్త గుర్తులు లేకుండా అది సాధ్యం కాదు. బొమ్మ అనేదే ఒక విధంగా సంక్షేపం.

ఈ సంక్షేపాన్ని ఒక శాస్త్రంగా మలచినవారిలో ఆస్ట్రియా పండితుడు ఓటో న్యూరాత్ ముఖ్యుడు. 1925లో ఆయన వియన్నాలో ఒక మ్యూజియం ప్రారంభించాడు. పెద్ద చదువులు లేని శ్రామికులకు దేశపు లెక్కలు, ఆరోగ్యం, గృహవసతి వంటి విషయాలు అర్థం కావాలని, అంకెలను చిన్న చిన్న మనుషుల బొమ్మలుగా మార్చి పటాలు తయారు చేయించాడు. చిత్రకారుడు గెర్డ్ ఆర్న్‌ట్స్ ఆ బొమ్మలకు రూపం ఇచ్చాడు. తరువాత ఆ పద్ధతికి 'ఐసోటైప్' అని పేరు వచ్చింది. నేడు మనం పత్రికలలో చూసే బొమ్మల లెక్కలకు అది పెద్ద మూలం. ఉద్దేశం ఎంతో ఉదాత్తం. అయినా ప్రపంచ ప్రజలను పటంలో చూపవలసి వచ్చినప్పుడు వారు కూడా మనుషులను రంగులతో, నెత్తిమీది టోపీలతో, తలపాగాలతోనే వేరు చేశారు. మంచి మనసు ఒక్కటే మంచి బొమ్మకు చాలదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంకొక ఉదాహరణ మనమందరమూ రోజూ చూసేదే. ఆసుపత్రిలో, రైల్వే స్టేషనులో మరుగుదొడ్డి తలుపుమీద ఇద్దరు మనుషుల గుర్తులుంటాయి. 1974లో అమెరికా రవాణా శాఖ, అక్కడి గ్రాఫిక్ డిజైనర్ల సంఘం కలిసి ప్రయాణికుల కోసం 34 గుర్తులు సిద్ధం చేశాయి. అటువంటి బొమ్మలే ప్రపంచమంతా వ్యాపించాయి. గుండ్రని తల, నిటారుగా ఉన్న దేహం అయితే పురుషుడు. దానికే ముక్కోణపు గౌను తగిలిస్తే స్త్రీ. ఇందులో తప్పేమున్నది అనిపిస్తుంది. కాని అదే స్టేషనులో లిఫ్టు గుర్తు చూడండి, రోడ్డు దాటే మనిషి గుర్తు చూడండి. అక్కడ ఉన్నది గౌను లేని ఆ మొదటి బొమ్మే. అంటే అతడు పురుషుడు కూడా, 'మనిషి' కూడా. ఆమె మాత్రం స్త్రీయే. ఆమె ప్రత్యేకంగా కావలసిన తలుపుమీదనే కనబడుతుంది.

చార్టులోని ముస్లిం స్థితి ఇదే. గుర్తు లేనివాడు అందరి ప్రతినిధి. గుర్తు ఉన్నవాడు తన గుంపుకు మాత్రమే ప్రతినిధి. ఎవరిని గుర్తు లేకుండా గీయాలి, ఎవరికి గుర్తు తగిలించాలి అని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, సమాజంలో 'మామూలు మనిషి' ఎవరో నిర్ణయించే అధికారం కూడా వారి చేతిలోనే ఉన్నది. బొమ్మలలోని రాజకీయం అంటే ఎన్నికల గుర్తులు మాత్రమే కాదు. అసలైన రాజకీయం ఇక్కడ ఉన్నది.

పత్రికా పుటలో, ఫోను తెరమీద

బడి గోడ దాటి వార్తాపత్రికకు వద్దాము. బొమ్మను మార్చకుండానే దాని అర్థాన్ని మార్చవచ్చునని చెప్పే ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. 1994 జూన్‌లో అమెరికాలో ఓ. జె. సింప్సన్ అనే నల్లజాతి క్రీడాకారుడు హత్యానేరంపై అరెస్టయ్యాడు. పోలీసులు తీసిన అతని ఫోటోను 'న్యూస్‌వీక్', 'టైమ్' పత్రికలు రెండూ ఒకే వారం ముఖచిత్రంగా వేశాయి. న్యూస్‌వీక్ ఫోటోను ఉన్నది ఉన్నట్లు ముద్రించింది. టైమ్ పత్రిక చిత్రకారుడు దానిని మరింత నల్లగా, నీడలు కమ్మినట్లు మార్చాడు. రెండు పత్రికలూ దుకాణాలలో పక్కపక్కనే వేలాడినప్పుడు ఆ తేడా అందరికీ కొట్టొచ్చినట్లు కనబడింది. విచారణ ఇంకా మొదలుకాలేదు, రంగు అప్పుడే తీర్పు చెప్పేసింది. తీవ్ర విమర్శలు రావడంతో ఆ పత్రిక సంపాదకుడు పాఠకులకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

పక్కన న్యూస్‌వీక్ లేకపోతే ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు. మన పత్రికలను చదివేటప్పుడు మన దగ్గర ఉండనిది సరిగ్గా ఆ రెండవ ప్రతియే.

ముస్లిముల విద్య గురించి వార్త వచ్చినా, బ్యాంకు రుణాల గురించి వచ్చినా, రిజర్వేషన్ల గురించి వచ్చినా పక్కన వేసే ఫోటో ఏది? తరచుగా రెండే. ఒకటి, సజ్దాలో వంగిన వందలాది వీపులు. రెండు, నల్లని బురఖాలలో నడిచి వెళ్తున్న స్త్రీలు. మొదటి దానిలో ముఖాలు నేలవైపు ఉంటాయి, రెండవ దానిలో ముఖాలే కనబడవు. నమాజూ పరదా మనకు గౌరవప్రదమైనవే. కాని బ్యాంకు రుణం కోసం దరఖాస్తు చేసుకున్న మెకానిక్‌కు ఒక ముఖం ఉంటుంది, ఒక దుకాణం ఉంటుంది, చేతులకు గ్రీజు ఉంటుంది. ఆ ఫోటో తీయాలంటే అతని దగ్గరకు వెళ్ళాలి. పాత ఫోటో అయితే కార్యాలయంలోనే దొరుకుతుంది. చాలాసార్లు ఇక్కడ పనిచేసేది ద్వేషం కాదు, బద్ధకం. చూసేవారి మనసులో మిగిలే ముద్ర మాత్రం ఒక్కటే: వీరు ఎప్పుడూ గుంపే, ఎన్నడూ వ్యక్తులు కారు.

ఈ బద్ధకాన్ని ఇప్పుడు యంత్రాలు కూడా నేర్చుకున్నాయి. మాట చెబితే బొమ్మ గీసిచ్చే కృత్రిమ మేధ గురించి మీ పిల్లలకు మీకన్నా ఎక్కువే తెలుసు. 2023లో 'రెస్ట్ ఆఫ్ వరల్డ్' అనే వార్తాసంస్థ అటువంటి ఒక యంత్రం చేత 3,000 బొమ్మలు గీయించి పరిశీలించింది. 'భారతీయ వ్యక్తి' అని అడిగితే వచ్చినవి దాదాపు అన్నీ గడ్డం పెరిగిన వృద్ధ పురుషుల బొమ్మలే. సగం జనాభా అయిన స్త్రీలు ఏమయ్యారు, కోట్లాది యువకులు ఏమయ్యారు? యంత్రానికి సొంత కళ్ళు లేవు. లోకంలో ఇంతవరకు పోగుపడిన బొమ్మలే దానికి చదువు. మన గోడమీది చార్టు తప్పు నేటి యంత్రం చేతిలో వేలరెట్లు అవుతుంది.

వేలు మనవైపు తిప్పుకుంటే

ఇంతవరకు చదివి, 'అంతా ఇతరులు చేసిన తప్పే' అని తృప్తిపడితే అది న్యాయం కాదు.

మొన్న బంధువుల ఇంట వలీమా ఆహ్వానపత్రిక అచ్చు వేయించడానికి వెళ్ళాము. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు వినయంగా, "ముస్లిం ఫోల్డరు తెరవమంటారాండీ? అందులో పన్నెండు డిజైన్లే ఉన్నాయండీ" అన్నాడు. తెరిచాడు. పన్నెండింటిలోనూ గుమ్మటాలు, నెలవంకలు, ఆకుపచ్చ, బంగారు రంగులు, పైనుంచి వేలాడే లాంతర్లు. ఆ లాంతరు ఈజిప్టు వీధులది. అక్కడ దానిని ఫానూస్ అంటారు, రమజాన్ రాత్రులకు అది అక్కడి ముద్దుమురిపెం. మన నెల్లూరులోగాని నల్గొండలోగాని ఏ అవ్వ ఇంట్లోనూ అది వేలాడలేదు. సహరీకి మనల్ని లేపినది వీధి ఫకీరు పిలుపు, ఆయన చేతిలోని డప్పు. ఆ ఫకీరు ఏ శుభాకాంక్షల బొమ్మలోనైనా మీకు కనబడ్డాడా? అయినా ప్రతి రమజాన్‌కు ఆ లాంతర్లనే మనం వందలమందికి పంపుకుంటున్నాము. ఎవరో కుట్టి పెట్టిన వేషంలో మనల్ని మనమే దూర్చుకుంటున్నాము.

ఈ పత్రికలో మేమూ అందుకు మినహాయింపు కాము. పాత రమజాన్ సంచికలను వరుసగా పేర్చి చూసుకున్నాము. ముఖచిత్రాలలో గుమ్మటాలకు కొదవ లేదు. మన పాఠకుల ఇళ్ళు ఒక్కదానిలోనూ లేవు. ఆ చార్టు గీసినవారిని ప్రశ్నించే ముందు ఆ లెక్క మేము ఒప్పుకోవలసి ఉన్నది.

అక్షరాల సంగతీ చెప్పాలి. ముస్లిం పాత్రల సినిమా అయినా, ముస్లిముల గురించిన ప్రత్యేక కథనం అయినా, శీర్షికలోని తెలుగు అక్షరాలను అరబీ లిపిలా వంచి, పైన చుక్కలు పెట్టడం ఒక అలవాటయింది. చదివితే తెలుగు, చూస్తే పరాయి. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగులో పద్యకావ్యాలు, నాటకాలు రచించారు. ఆయన రాసిన 'అ' కు ఏ వంకరా లేదు. మన ఇళ్ళలో కొందరికి ఉర్దూ, కొందరికి తెలుగు అమ్మభాష. ఎవరికైనా సరే, తెలుగు అక్షరం మనది కాదన్నట్లు దానికి వేషం వేయవలసిన పని లేదు.

ఇంత చిన్న విషయానికా?

'అసలు బొమ్మలో లేకపోవడం కన్నా టోపీతోనైనా ఉండడం మేలు కదా' అని ఒక పెద్దమనిషి మాతో అన్నారు. ఆ మాటలో వాస్తవం లేకపోలేదు. ఏకత్వం పటం చింపివేయాలని మేము చెప్పడం లేదు. నలుగురూ చేతులు పట్టుకున్న బొమ్మ పిల్లలకు అవసరమే. కాని ఏకత్వం పటంలో మాత్రమే కలుసుకున్న మనిషిని పిల్లలు అతిథిగా చూస్తారు. అతిథికి మర్యాద చేస్తారు, ఇంటివాడని అనుకోరు. పళ్ళు తోముకునే పటంలో రహీమ్ ఉంటే, సైకిలు తొక్కే పటంలో ఫాతిమా ఉంటే, పొరుగువాడి పిల్లవాడికి సామరస్యం గురించి వేరే పాఠం అంతగా అవసరం ఉండదు.

గీసేవారికి కూడా ఈ బాధ్యత కొత్త కాదు. 1964లో లండన్‌లో కెన్ గార్లండ్ అనే డిజైనరు ఒక ప్రకటన ప్రచురించాడు. తోటి డిజైనర్లు, విద్యార్థులు దానిమీద సంతకాలు చేశారు. తమ నైపుణ్యమంతా వ్యాపార ప్రకటనల చిల్లర సరకుకే ఖర్చవుతున్నదని, పుస్తకాలకు, వీధి గుర్తులకు, బోధనా సామగ్రికి అది ఎక్కువగా ఉపయోగపడాలని వారి వాదన. 2000 సంవత్సరం నాటికి కొత్త తరం డిజైనర్లు దానిని నవీకరించి మళ్ళీ ప్రకటించారు. బడి చార్టు బోధనా సామగ్రి కాక మరేమిటి? మన పిల్లలలో చక్కగా బొమ్మలు వేసేవారు, కంప్యూటరుమీద డిజైను నేర్చినవారు చాలామంది ఉన్నారు. ఇంజనీరింగు, వైద్యం మాత్రమే చదువు అనుకునే తల్లిదండ్రులు ఈ చదువు విలువను కూడా గుర్తించాలని మా విన్నపం.

మిగిలినవారికి మూడు చిన్న ప్రశ్నలు చాలు. విన్న వార్తను నిర్ధారించుకోకుండా నమ్మకూడదని మన పిల్లలకు చెబుతాము కదా. చూసిన బొమ్మకు కూడా అదే నియమం వర్తింపజేయండి. పత్రికనో చార్టునో ముందు పెట్టుకొని పిల్లలను అడగండి: ఇందులో ఎవరున్నారు? ఎవరు లేరు? ఉన్నవారు ఏం పని చేస్తున్నారు? మూడవ ప్రశ్న దగ్గర మీ అమ్మాయి, 'అమ్మలందరూ వంటింట్లోనే ఎందుకున్నారు?' అని తిరిగి అడిగితే కోపగించుకోకండి. ఆమెకు చూడడం వచ్చిందన్నమాట. దూదేకుల, మెహ్తర్, ఫకీర్ కుటుంబాల బీద ముఖాలు మన సొంత సభల పోస్టర్లలో ఎందుకు లేవని అడిగితే, జవాబు చెప్పడానికి మనం కూడా సిద్ధంగా ఉండాలి.

ఆ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాము. తాతగారి బొమ్మ ఎక్కడ అతికించాలో పిల్లవాడికి తేలలేదు. ఏకత్వం పుటలో ఆయన ఎవరికీ ముస్లింగా కనబడడు. చివరికి నాయనమ్మే తీర్పు చెప్పింది. "ఆయన నలభై ఏళ్ళు పరుపులు కుట్టాడురా. ఊళ్ళో అందరూ ఆ పరుపులమీదే నిద్రపోయారు. మనకు సహాయపడేవారు అని ఇంకో పుట ఉందిగా, దానిలో పెట్టు." కుమ్మరి, వడ్రంగి, పోస్ట్‌మ్యాన్‌ల పక్కన కొంచెం జాగా మిగిలి ఉంది. ఫోటో నకలు తీయించి, కత్తిరించి, అన్నం మెతుకుతో అక్కడ అతికించాడు. కింద తన వంకర అక్షరాలతో 'దూదేకుల తాతయ్య' అని రాశాడు.

ఈ పత్రిక చదివే ఇళ్ళలోని పిల్లలకు ఈ నెల ఒక పని అప్పగిస్తున్నాము. పండుగ బొమ్మ వద్దు, జెండా బొమ్మ వద్దు. మీ ఇంట్లో ఒక మామూలు మంగళవారం నాటి బొమ్మ గీసి పంపండి. మనుషులను గీయకూడదనే ఇళ్ళవారు గుమ్మం ముందరి చెప్పులు, దండెంమీది బట్టలు, పొయ్యిమీది గిన్నె గీయండి. వచ్చే రమజాన్ సంచికకు ముఖచిత్రం వాటిలోనుంచే ఎంచుకుంటాము.